పాట వింటే కడుపు పండుతుందా?

పెళ్లయి ఆరు నెలలు తిరగకముందే "ఏమైనా విశేషమా?" అన్న ప్రశ్న మొదలవుతుంది. అడిగేవారిలో చాలామంది ప్రేమతోనే అడుగుతారు. ఏడాది గడిచాక ఆ ప్రశ్న సలహాగా మారుతుంది. ఫలానా గుడిలో మొక్కుకోమని ఒకరు, ఫలానా కషాయం తాగమని ఇంకొకరు, ఫలానా డాక్టరు హస్తవాసి మంచిదని మరొకరు. కొన్నేళ్లుగా ఈ సలహాల్లోకి సంగీతం కూడా వచ్చి చేరింది. ఫలానా రాగాన్ని రోజూ తెల్లవారుజామున వింటే గర్భం నిలుస్తుందని, ఫలానా హెర్ట్జ్ ధ్వనికి అండాశయాలు మేలుకొంటాయని చెప్పే వీడియోలు ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు చేరుతున్నాయి. రాత్రి దీపాలు ఆర్పేశాక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఆశగా వాటిని వినే స్త్రీలు ఎందరో ఉన్నారు. ఆ ఆశను చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. ఆ ఆశతో వ్యాపారం చేసేవారిని మాత్రం నిలదీయక తప్పదు. సంగీతం సంతాన సామర్థ్యానికి నిజంగా ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలిస్తేనే ఆ పని సాధ్యమవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన అంచనా ప్రకారం వయోజనుల్లో 17.5 శాతం మంది, అంటే దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఏదో ఒక దశలో సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. గర్భనిరోధక సాధనాలేవీ వాడకుండా 12 నెలలు కాపురం చేసినా నెల తప్పకపోతే వైద్యులు దాన్ని సంతానలేమిగా లెక్కిస్తారు. తెలుగు రాష్ట్రాల విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది, తెలంగాణలో 1.8 మంది పిల్లలని తేలింది. దీన్ని చూసి తెలుగువారిలో పిల్లలు పుట్టే శక్తే తగ్గిపోయిందని కొందరు అనుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకున్నవారేనని అదే సర్వే చెబుతోంది. ఇద్దరు చాలనుకుని ఆగినవారు వేరు, ఒక్కరి కోసం తపించేవారు వేరు. ఈ వ్యాసం రెండోవారి గురించి.

శరీరంలో మోగే తాళం

సంగీతానికీ సంతానానికీ సంబంధం ఉందనేవారి వాదన మూడు మెట్లుగా సాగుతుంది. పాట ఒత్తిడిని తగ్గిస్తుంది, ఒత్తిడి హార్మోన్లను దెబ్బతీస్తుంది, కాబట్టి పాట వింటే హార్మోన్లు కుదుటపడి గర్భం వస్తుంది. మొదటి మెట్టు గట్టిది. రెండోది కొంతవరకు గట్టిది. మూడో మెట్టు మీద కాలు మోపే ముందు మాత్రం శరీరం ఎలా పనిచేస్తుందో చూడాలి.

మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంటుంది. అది జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. ఆ సంకేతం అందుకున్న పిట్యూటరీ గ్రంథి మరో రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. స్త్రీలలో అండం పెరిగి విడుదల కావడానికి, పురుషుల్లో వీర్యకణాలు తయారు కావడానికి ఆ రెండే ఆధారం. జీఎన్‌ఆర్‌హెచ్ ధారగా కారదు. గంటకో గంటన్నరకో ఒకసారి, దరువు వేసినట్టు విడుదలవుతుంది. ఈ దరువు ఎంత ముఖ్యమో అమెరికా శాస్త్రవేత్త ఎర్నస్ట్ నోబిల్ బృందం 1978లో రీసస్ కోతుల మీద చేసిన ప్రయోగంలో బయటపడింది. సొంతంగా ఆ హార్మోను తయారుకాని కోతులకు దాన్ని ఆగకుండా ఎక్కిస్తే పిట్యూటరీ గ్రంథి మూగబోయింది. అదే హార్మోనును గంటకు ఆరు నిమిషాల చొప్పున ఇస్తే మళ్లీ పనిచేయసాగింది. హార్మోను ఉంటే సరిపోదు, అది తాళం తప్పకుండా అందాలి. సంతానోత్పత్తికి మూలంలో ఒక లయ ఉందంటే అది కవుల ఊహ కాదు, ప్రయోగశాలలో కొలిచిన సంగతి.

తీవ్రమైన ఒత్తిడి, తిండి తగ్గిపోవడం, మితిమీరిన వ్యాయామం ఈ తాళాన్ని తప్పిస్తాయి. ఆపద ముంచుకొచ్చినప్పుడు గర్భాన్ని మోసే పనిని వాయిదా వేసుకోవడం శరీరానికి సహజం. కొందరిలో నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. పరీక్షల్లో గర్భాశయంలోనూ అండాశయాల్లోనూ ఏ లోపమూ కనిపించదు. ఇలాంటి 16 మంది స్త్రీలతో అమెరికాలో శారా బెర్గా బృందం ఒక ప్రయోగం చేసి 2003లో ప్రచురించింది. ఎనిమిది మందికి 20 వారాల పాటు ఆలోచనా తీరును, నడవడికను సరిచేసుకునే మానసిక చికిత్స ఇచ్చారు. మిగతా ఎనిమిది మందిని గమనిస్తూ ఊరుకున్నారు. చికిత్స పొందినవారిలో ఆరుగురికి అండం విడుదల తిరిగి మొదలైంది. రెండో గుంపులో అలా జరిగింది ఒక్కరికే. మందు బిళ్ల ఒక్కటి కూడా లేకుండా, మనసుకు చేసిన చికిత్స అండాశయాన్ని కదిలించిందనడానికి ఇంత స్పష్టమైన ఉదాహరణలు అరుదు. అయితే అక్కడ ఇచ్చింది మాటల చికిత్స. సంగీతానికి కూడా అంత బలముందని ఆ ఫలితాన్ని చూపించి చెప్పడం కుదరదు.

మామూలుగా గర్భం కోసం ప్రయత్నించేవారిలో ఒత్తిడి ప్రభావాన్ని కొలిచిన అధ్యయనం టెక్సాస్, మిషిగన్ రాష్ట్రాల్లో జరిగింది. 501 జంటలను ఎంచుకుని, స్త్రీల లాలాజలంలో ఒత్తిడిని సూచించే రెండు పదార్థాలను పరీక్షించారు. ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైము బాగా ఎక్కువగా ఉన్న స్త్రీలలో ప్రతి నెలా గర్భం దాల్చే అవకాశం, అది తక్కువగా ఉన్నవారికంటే 29 శాతం తగ్గినట్టు 2014లో ప్రచురించారు. ఏడాది దాటినా గర్భం రాని ముప్పు వారిలో రెట్టింపు. విచిత్రమేమిటంటే, ఒత్తిడి అనగానే అందరూ పేరెత్తే కార్టిసాల్‌కు మాత్రం గర్భధారణతో ఏ సంబంధమూ కనిపించలేదు. 'ఈ పాట మీ కార్టిసాల్‌ను తగ్గించి తల్లిని చేస్తుంది' అని ప్రకటనల్లో రాసేవారు ఈ ఒక్క ఫలితాన్నయినా చదవాలి.

"టెన్షన్ పడకు, అదే వస్తుంది"

కథ ఇక్కడే ఒక మలుపు తిరుగుతుంది. ఐవీఎఫ్, అంటే అండాన్నీ వీర్యకణాన్నీ ప్రయోగశాలలో కలిపి, ఆ పిండాన్ని గర్భాశయంలో పెట్టే చికిత్స చేయించుకునే స్త్రీలలో చికిత్సకు ముందు ఉన్న ఆందోళన, కుంగుబాటు ఫలితాన్ని దెబ్బతీస్తాయా అన్న ప్రశ్నతో బ్రిటన్‌లోని కార్డిఫ్‌కు చెందిన జాకీ బొయివిన్, సహచరులు 14 అధ్యయనాలను కలిపి చూశారు. మొత్తం 3,583 మంది స్త్రీల వివరాలు అందులో ఉన్నాయి. 2011లో వచ్చిన జవాబు స్పష్టంగా ఉంది. దిగులుపడినవారికీ నిబ్బరంగా ఉన్నవారికీ గర్భం వచ్చే అవకాశాల్లో తేడా లేదు.

పై అధ్యయనాలతో ఇది పొసగదని అనిపించవచ్చు. ఐవీఎఫ్‌లో జరిగేదేమిటో గుర్తు తెచ్చుకుంటే చిక్కు చాలావరకు విడిపోతుంది. అక్కడ మెదడు వేసే దరువు కోసం ఎవరూ ఎదురుచూడరు. రోజూ పొట్టకు వేసే ఇంజెక్షన్లే అండాశయాలను నడిపిస్తాయి. స్కాన్లలో అండాల పెరుగుదల చూసి, గడియారం పెట్టుకుని, విడుదలకు చివరి ఇంజెక్షన్ ఇస్తారు. ఒత్తిడి దెబ్బకొట్టగలిగే చోటును వైద్యం పక్కనుంచి దాటిపోతుంది. ఇక అండవాహికలు (ట్యూబులు) మూసుకుపోయినవారికి, గర్భాశయపు లోపలి పొర లాంటి కణజాలం దాని బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ ముదిరినవారికి, వయసుతో అండాల నిల్వ తరిగిపోయినవారికి, భర్త వీర్యంలో కణాలే లేనివారికి మనశ్శాంతి ఎంత దొరికినా ఆ అడ్డంకి తొలగదు. పాటకు ట్యూబు తెరుచుకోదు.

మానసిక తోడ్పాటు గర్భధారణను పెంచుతుందని చూపిన ప్రయోగాలూ ఉన్నాయి. అందులో పేరున్నది అలిస్ డోమార్ 2000లో అమెరికాలో ప్రచురించినది. 184 మంది స్త్రీలలో మానసిక చికిత్స పొందిన గుంపులో 55 శాతానికి, ఒకరికొకరు తోడుగా కూర్చుని మాట్లాడుకున్న గుంపులో 54 శాతానికి గర్భం నిలిచింది. ఏ తోడ్పాటూ లేని గుంపులో అది 20 శాతమే. ఆ తర్వాత ఎన్నో ప్రయోగాలు జరిగాయి. 2016లో, వైద్య ప్రయోగాలను కలిపి సమీక్షించే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్షకులు 39 ప్రయోగాలను, 4,925 మంది వివరాలను జల్లెడ పట్టి, వాటి నాణ్యత తక్కువగా ఉందని, గర్భధారణ విషయంలో గట్టిగా ఏదీ చెప్పలేమని తేల్చారు. తలుపు మూసుకుపోలేదు. అలాగని తెరిచే ఉందని అమ్మకానికి పెట్టే స్థితీ లేదు.

ఈ తేడాను ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. "టెన్షన్ పడకు, అదే వస్తుంది" అన్న మాట మన ఇళ్లలో ఓదార్పుగా చెలామణీ అవుతుంది. వినే స్త్రీకి అది ఇంకోలా వినిపిస్తుంది. గర్భం రాలేదంటే నువ్వు దిగులుపడటం వల్లేనని, తప్పు నీదేనని. పరీక్షలో ఫలితం రాని నెల ఆమె తన దుఃఖాన్నే తన నేరంగా లెక్కించుకుంటుంది. "రోజూ పాట వినమన్నాను, విన్నావా?" అన్న ప్రశ్న కూడా ఆ నేరారోపణలో భాగమైపోతుంది. సంతానలేమి ఉన్న స్త్రీలలో కుంగుబాటు, ఆందోళన క్యాన్సర్, గుండె జబ్బులున్నవారితో సమానంగా ఉన్నట్టు డోమార్ 1993లోనే నమోదు చేశారు. అంత బరువు మోస్తున్నవారి మీద 'ప్రశాంతంగా ఉండాలి' అన్న మరో బాధ్యతను మోపడం అన్యాయం. దిగులు పిల్లలు పుట్టకపోవడానికి కారణం కావడం కంటే, పిల్లలు పుట్టకపోవడమే దిగులుకు కారణం కావడం ఎన్నో రెట్లు ఎక్కువ.

మరి సంగీతం చేసే మేలు ఎక్కడ?

మేలు ఉంది. చిన్నదేమీ కాదు. అది గర్భ పరీక్ష ఫలితంలో కాక, ఆ ఫలితం దాకా సాగే దారిలో కనిపిస్తుంది.

ఇటలీలోని పావియాలో లూచానో బెర్నార్డి బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో 24 మందికి రకరకాల సంగీతం వినిపించి గుండె వేగం, శ్వాస, రక్తపోటు కొలిచారు. అందులో హిందుస్తానీ రాగం కూడా ఉంది. శరీరాన్ని ప్రభావితం చేసింది సంగీతపు జాతి కాదని, గతి అని తేలింది. వేగవంతమైన గతి శ్వాసనూ గుండెనూ పరుగెత్తించింది. అది విలంబంగా ఉన్నప్పుడు అవి నెమ్మదించాయి. అన్నిటికంటే ఎక్కువగా పరిశోధకులను ఆశ్చర్యపరిచింది పాటల మధ్య పెట్టిన రెండు నిమిషాల నిశ్శబ్దం. ఆ సమయంలో గుండె వేగం, రక్తపోటు సంగీతం మొదలుకాక ముందు ఉన్న స్థాయికంటే కిందికి దిగాయి. సంగీతం మనసును ఒకచోట నిలిపి, ఆగాక వదులుగా వదిలేస్తుందన్నమాట. కచేరీలో తంబురా ఆగిన తర్వాతి క్షణం ఎలా ఉంటుందో ఎరిగినవారికి ఇది కొత్తగా అనిపించదు.

శస్త్రచికిత్సకు ముందు సంగీతం ఆందోళనను తగ్గిస్తుందని 26 ప్రయోగాలను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2013లో చెప్పింది. శస్త్రచికిత్స తర్వాత నొప్పి తగ్గుతుందని, నొప్పి మందుల అవసరమూ తగ్గుతుందని 2015లో లాన్సెట్ పత్రికలో మరో పెద్ద సమీక్ష వచ్చింది. మత్తులో ఉండగా వినిపించినా ఎంతో కొంత ఫలితం ఉండటం అందులోని విశేషం. సంతాన చికిత్సలో ఇలాంటి ఘట్టాలు వరుసగా ఎదురవుతాయి. ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే పరీక్ష చాలామందికి భయం, నొప్పి కలిగిస్తుంది. నైజీరియాలో 2007లో ప్రచురితమైన అధ్యయనంలో ఆ పరీక్ష సమయంలో సంగీతం విన్న స్త్రీలలో ఆందోళన తగ్గింది. అండాలను సేకరించే సమయంలో సంగీతం వినిపించిన హాంకాంగ్ వైద్యులు నొప్పి తగ్గినట్టు గమనించారు. టర్కీలో పిండ బదిలీ చేయించుకున్న స్త్రీలతో జరిగి 2017లో వెలువడిన ప్రయోగంలో మాత్రం సంగీతం విన్నవారికీ విననివారికీ గర్భధారణ రేటులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే విషయం అర్థమవుతుంది. పాట నొప్పి దగ్గర, భయం దగ్గర పనిచేస్తోంది. పిండం గర్భాశయంలో అతుక్కునే చోట దాని ప్రమేయం కనిపించడం లేదు.

నొప్పి తగ్గితే చాలా, బిడ్డ కావాలి కదా అనేవారికి ఒక జవాబుంది. ఐవీఎఫ్ చాలామందికి మొదటిసారే ఫలించదు. రెండు మూడు సార్లు ప్రయత్నించాల్సి వస్తుంది. మధ్యలోనే మానేసేవారు తక్కువేమీ కాదు. ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవడానికి ఎనిమిది దేశాలకు చెందిన 21,453 మంది వివరాలున్న 22 అధ్యయనాలను కలిపి 2012లో ఒక సమీక్ష వెలువడింది. శరీరం మీద, మనసు మీద పడే భారం ప్రధాన కారణాల్లో ఒకటిగా తేలింది. మన దగ్గర దీనికి డబ్బు భారం తోడవుతుంది. అప్పు చేసి, నగలు తాకట్టు పెట్టి మొదటి విడత చికిత్స పూర్తి చేసినవారు రెండోసారికి ధైర్యం కూడగట్టుకోవాలంటే మొదటిసారి అనుభవం వారిని పూర్తిగా విరిచేసి ఉండకూడదు. సూది గుచ్చే గదిలో, బల్ల మీద పడుకున్న అరగంటలో మనిషిని మనిషిగా నిలబెట్టే ఏ చిన్న సాయమైనా విలువైనదే.

అండానికి చెవులు లేవు

సంగీతం, సంతానం అనగానే పత్రికలు ఎక్కువగా రాసింది బార్సిలోనాలోని ఇన్‌స్టిట్యూట్ మార్కెస్ అనే సంతాన సాఫల్య కేంద్రం గురించి. అక్కడి పరిశోధకులు పిండాలను పెంచే ఇంక్యుబేటర్లలో ఐపాడ్లు పెట్టారు. పాప్, హెవీ మెటల్, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మోగించారు. దాదాపు వెయ్యి అండాలను సగం సంగీతమున్న చోట, సగం లేనిచోట ఉంచారు. సంగీతమున్న ఇంక్యుబేటర్లలో ఫలదీకరణ రేటు 5 శాతం దాకా ఎక్కువగా ఉందని 2013లో లండన్‌లో జరిగిన ఐరోపా సంతాన వైద్యుల సదస్సులో ప్రకటించారు. 'పాటలకు పులకించిన పిండాలు' అన్న తీరు కథనాలు ప్రపంచమంతా తిరిగాయి.

అండానికి చెవి లేదు, నాడులు లేవు. ఆ పరిశోధకులు కూడా అది వింటుందని అనలేదు. వారి వివరణ ప్రకారం ధ్వని వల్ల కలిగే సూక్ష్మమైన కంపనాలు పిండం తేలుతున్న ద్రవాన్ని కదిలిస్తాయి. పోషకాలు చేరువవుతాయి, వ్యర్థాలు దూరమవుతాయి. తల్లి శరీరంలోని అండవాహిక ఎప్పుడూ నిశ్చలంగా ఉండదు. దాని గోడలు అలలుగా ముడుచుకుంటాయి, లోపలి సన్నని నూగు పిండాన్ని గర్భాశయం వైపు నెడుతుంది. గాజు పళ్లెంలో కదలకుండా పడి ఉండటమే పిండానికి అసహజం. జర్మనీలో కొందరు పరిశోధకులు పాటల జోలికి పోకుండా 44 హెర్ట్జ్ కంపనాలను నేరుగా ఇచ్చి పరీక్షించారు, మంచి ఫలితాలు వచ్చాయన్నారు. అంటే బార్సిలోనా ప్రయోగంలో పనిచేసింది ఏదైనా ఉంటే, అది ప్రయోగశాల పరికరాలకు సంబంధించిన విషయం. ఒక గృహిణి తన గదిలో వినే పాటకు దానితో ఏ బంధుత్వమూ లేదు. ఈ రెండింటినీ కలిపేసి 'సంగీతంతో గర్భధారణ 5 శాతం పెరుగుతుంది' అని రాయడం పాఠకులను మోసం చేయడమే. పెరిగినట్టు చెప్పింది ఫలదీకరణ రేటు. ఫలదీకరణకూ బిడ్డ చేతికి రావడానికీ మధ్య చాలా దూరముంది.

రాగాల మాట

నాదానికి మహిమ ఉందని నమ్మడం తెలుగువారికి కొత్త కాదు. "శిశుర్వేత్తి పశుర్వేత్తి" అన్న మాట బడిలో చదవనివారికీ తెలుసు. బిలహరి రాగంలో కీర్తన పాడి త్యాగరాజు చనిపోయిన మనిషిని బతికించారన్న కథ తరతరాలుగా వినిపిస్తోంది. కున్నక్కూడి వైద్యనాథన్ రాగాల చికిత్సా ప్రభావాల మీద పరిశోధన కోసం చెన్నైలో ఒక సంస్థనే నడిపారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ కూడా సంగీత చికిత్స మీద ఆసక్తితో పనిచేశారు. నీలాంబరి నిద్రపుచ్చుతుందని, ఆనందభైరవి మనసును కుదుటపరుస్తుందని విద్వాంసులు అనుభవంతో చెప్పే మాటలను కొట్టిపారేయాల్సిన పనిలేదు. విలంబ కాలంలో సాగే ఆలాపన శ్వాసను నెమ్మదింపజేస్తుందన్నది పావియా కొలతలతో కూడా సరిపోతుంది.

ఆ అనుభవాన్ని మందుల చీటీగా మార్చినప్పుడే చిక్కు వస్తుంది. ఫలానా రాగం ఏఎంహెచ్‌ను పెంచుతుంది, ఫలానా రాగం అండం విడుదల క్రమం తప్పే హార్మోన్ల సమస్య అయిన పీసీఓఎస్‌ను నయం చేస్తుంది అన్న జాబితాలకు ఆధారం లేదు. ఏఎంహెచ్ అండాశయంలో మిగిలిన అండాల నిల్వకు సూచిక. పుట్టుకతో వచ్చిన ఆ నిల్వ వయసుతో తగ్గుతుంది తప్ప పెరగదు. దాన్ని రాగంతో పెంచుతామనేవారి మాట నమ్మి 36 ఏళ్ల స్త్రీ ఒక ఏడాది వైద్యాన్ని వాయిదా వేసుకుంటే, ఆ ఏడాదిని తిరిగి తెచ్చివ్వగల రాగం లేదు. సంగీతం వల్ల దుష్ప్రభావాలు ఉండవంటారు. పోగొట్టుకున్న కాలమే దుష్ప్రభావం.

హార్మోన్ల గురించి తేలిగ్గా మాట్లాడేవారిని ఆపాల్సిన మరో ఫలితం జపాన్ నుంచి వచ్చింది. హజిమె ఫుకుయి బృందం 2003లో 88 మంది విద్యార్థుల లాలాజలం పరీక్షించి చూస్తే, సంగీతం విన్నాక అబ్బాయిల్లో టెస్టోస్టెరాన్ తగ్గింది, అమ్మాయిల్లో పెరిగింది. కాసేపు మాత్రమే ఉండే చిన్న మార్పు అది. దాంతో ఎవరి సంతాన సామర్థ్యమూ పెరిగిందనీ తగ్గిందనీ చెప్పలేం. సంగీతం వింటే మగతనం పెరుగుతుందని ప్రకటించేవారికి మాత్రం ఈ ఫలితం అడ్డొస్తుంది.

పురుషుల ప్రస్తావన ఇంత ఆలస్యంగా రావడం కూడా ఈ చర్చ ఎప్పుడూ ఎటు మొగ్గుతుందో చూపిస్తుంది. సంతానలేమి కేసుల్లో సుమారు సగంలో పురుషుడి వైపు కారణమూ ఉంటుంది. అమెరికాలో 193 మంది పురుషులను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో జీవితంలో ఒత్తిడి ఎక్కువగా ఉన్నవారి వీర్యంలో కణాల సాంద్రత, కదలిక తక్కువగా కనిపించాయి. అయినా ప్రశాంతత కోసం పాటలు వినమన్న సలహా భార్యకే అందుతుంది. పక్క గదిలో వీర్య పరీక్ష కోసం డబ్బా చేతబట్టుకుని, సిగ్గుతో, భయంతో నిలబడిన భర్తకు ఎవరూ ఏ పాటా సూచించరు.

పాట పెట్టడం, చికిత్స చేయడం

ఆసుపత్రి వరండాలో స్పీకరు తగిలించి వేణుగానం మోగిస్తే అది సంగీత చికిత్స కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల మధ్య అమెరికా ఆసుపత్రుల్లో ఒక వృత్తిగా ఎదిగిన పద్ధతి సంగీత చికిత్స. శిక్షణ పొందిన చికిత్సకులు ముందు మనిషితో మాట్లాడతారు. ఏ పాట ఆమెకు ఊరటనిస్తుంది, ఏ పాట ఏ జ్ఞాపకాన్ని రేపుతుంది అని తెలుసుకుంటారు. కలిసి పాడతారు, పాడిస్తారు, కొన్నిసార్లు ఆమె చేతనే పాట కట్టిస్తారు. రికార్డు చేసిన సంగీతాన్ని వినిపించడం అందులో ఒక చిన్న భాగం. పైన చెప్పిన సంతాన చికిత్సా ప్రయోగాల్లో ఎక్కువగా వాడింది ఈ చిన్న భాగాన్నే. పూర్తి స్థాయి చికిత్స ఏం చేయగలదో చెప్పడానికి ఆ ఫలితాలు సరిపోవు. పరిశోధనకు ఇక్కడ నిజమైన ఖాళీ ఉంది.

మన సంతాన సాఫల్య కేంద్రాల్లో చేయగలిగినవి మాత్రం ఖర్చులేని పనులు. అండాల సేకరణకు, పిండ బదిలీకి వచ్చిన స్త్రీని ఏం వింటారని అడగడం. ఆమె ఎంచుకున్నదే పెట్టడం. డాక్టరు మాట వినిపించేంత మెల్లగా పెట్టడం. ఎవరికైనా ఆ సమయంలో నిశ్శబ్దమే కావాలనిపిస్తే దాన్ని గౌరవించడం. మహానగరంలోని పెద్ద కేంద్రానికే కాదు, జిల్లా కేంద్రంలోని చిన్న ఆసుపత్రికీ ఇవి సాధ్యమే.

గర్భం వచ్చాక సంగీతానికి ఆధారాలు మెరుగ్గా ఉన్నాయి. తైవాన్‌లో 236 మంది గర్భిణులతో 2008లో వచ్చిన ప్రయోగంలో రెండు వారాలు రోజూ సంగీతం విన్నవారిలో ఒత్తిడి, ఆందోళన, కుంగుబాటు తగ్గాయి. బ్రిటన్‌లో 134 మంది బాలింతలతో 2018లో ప్రచురించిన ప్రయోగంలో, కాన్పు తర్వాతి కుంగుబాటు బాగా ఉన్న తల్లులు బిడ్డలతో కలిసి బృందంగా పాడినప్పుడు త్వరగా తేరుకున్నారు. పాడటం, అదీ నలుగురితో కలిసి పాడటం అన్నది ఇక్కడ గమనించాలి. పురిటింట్లో చుట్టూ చేరి పాడే ఆడవాళ్లు లేని అపార్టుమెంట్లలో దాని అవసరం ఇంకా ఎక్కువ. కడుపులోని బిడ్డ చివరి నెలల్లో విన్న రాగాన్ని పుట్టాక గుర్తుపడుతుందని ఫిన్లాండ్ పరిశోధకులు 2013లో చూపారు. ప్రహ్లాదుడి కథ విన్నవారికి ఇది సంతోషం కలిగించే ఫలితం. బిడ్డ తెలివితేటలు పెరుగుతాయన్నది వేరే మాట, దానికి రుజువు లేదు. 1993లో మోత్సార్ట్ సంగీతం విన్నవారిలో తెలివి పెరిగిందన్న ప్రయోగం జరిగింది కాలేజీ విద్యార్థుల మీద. ఆ ప్రభావం పావుగంటకు మించి నిలవలేదు.

శ్రీమంతానికి పాటలున్నాయి, పురుటికి పాటలున్నాయి, ఉయ్యాలలో వేసే రోజుకు జోలపాటలున్నాయి. మూడో నెలలో గర్భం పోయిన స్త్రీకి, నాలుగోసారి ఐవీఎఫ్ విఫలమైన జంటకు మన వేడుకల వరుసలో పాట లేదు. వారి దుఃఖం బయటికి చెప్పుకునేది కాదన్నట్టు తలుపులు వేసుకుంటాం. అమెరికాలోని కొన్ని ఆసుపత్రుల్లో సంగీత చికిత్సకులు, బతకదని తెలిసిన బిడ్డ గుండె చప్పుడును స్కాన్ పరికరం ద్వారా రికార్డు చేసి, దాన్నే తాళంగా పెట్టి, తల్లిదండ్రులు ఎంచుకున్న పాటను కట్టి వారి చేతికిస్తారు. ఆ పాట ఏ హార్మోనునూ మార్చదు. ఆ చప్పుడు కొన్ని వారాలైనా ఈ లోకంలో ఉందని ఆ ఇద్దరూ కావలసినప్పుడల్లా వినవచ్చు.